‘పగడాల రేవు’ చివరి ఆటలు

మా అమ్మకు వినపడదు. చిన్నప్పుడొచ్చిన జ్వరం పోతూ పోతూ చెవుల్ని కూడా పట్టుకుపోయింది. అందుకని మా ఇంట్లో కేకలూ లేవు, గుసగుసలూ లేవు. చేతులు, పెదవులు, కనుబొమ్మలు, వీటితోనే రోజు గడిచేది. అక్క కోరా అయితే ఉప్పు అందివ్వమని అడగడానికి కూడా ముఖంతో ఒక నాటకం ఆడేది. ఆ ముఖాన్ని సినిమావాళ్ళు ఎగరేసుకుపోయారు. నన్ను జామ్ ఫ్యాక్టరీవాళ్ళు తీసుకున్నారు. పీచు పళ్ళలోంచి గింజలు తీయడానికి ముఖంతో పనిలేదు కదా.

అయిదారేళ్ళలో అక్క గొర్రెల ఆసామి కూతురైంది, బందిపోటు ప్రియురాలైంది, వరదలో కొట్టుకుపోయింది, ఒకసారి పెళ్ళి బట్టల్లోనే చర్చి మెట్లు దిగి పారిపోయింది. సిడ్నీ ట్రాముల్లో జనం మెడలు తిప్పి చూసేవారు. అమ్మ బట్టలు కుట్టిచ్చే ఇళ్ళవాళ్ళు గుమ్మంలో నిలబెట్టి పంపేయడం మానేసి, లోపలికి పిలిచి టీ ఇచ్చేవారు. అమ్మకు ఇవన్నీ ఒక ఎత్తు, సినిమా హాలు ఒక ఎత్తు. అక్కడ ఎవరికీ ఏమీ వినపడదు. అందరూ బొమ్మను చూసేవాళ్ళే, మధ్యలో అక్షరాలు పడితే చదువుకునేవాళ్ళే. ప్రపంచంలో అమ్మ ఎవరికీ తీసిపోని చోటు అదొక్కటే.

తీసిపోకపోవడమే కాదు, నిజానికి ఒక మెట్టు పైనే ఉండేది. అమ్మకు పెదవులు చదవడం వచ్చు. తెర మీద అక్షరాలు ఒకటి చెబుతుంటే తారల నోళ్ళు ఇంకేదో అంటుంటాయని మామూలు జనానికి తెలియదు. షూటింగులో ఎవరి నోటికొచ్చింది వాళ్ళు అనేవారు, పెదవులు కదిలితే చాలు. ఆ మాటల్ని అక్క వృథా పోనివ్వలేదు. షూటింగు కోసం నెలల తరబడి ఊళ్ళు పట్టుకు తిరిగేది కనుక తెర మీంచే అమ్మతో కబుర్లు చెప్పేది. ప్రియుడి గుండెల మీద వాలి, "అమ్మా, నీ మోకాలికి మందు రాస్తున్నావా?" అని అడిగేది. హాలంతా జేబురుమాళ్ళు తీస్తుంటే అమ్మ చీకట్లో రాస్తున్నానని తలూపేది.

1930 జనవరిలో ‘పగడాల రేవు’ విడుదలైంది. అప్పటికే ఊళ్ళో పెద్ద హాళ్ళన్నీ మాట్లాడే సినిమాలకు మారిపోయాయి. అందుకని మూగ సినిమా మొదటి ఆటకు మా బాల్మెయిన్ పేటలోని పాత హాలు తప్ప వేరే గతి లేకపోయింది. అమ్మ తన స్నేహితులందరినీ వెంటబెట్టుకొచ్చింది. వినపడనివాళ్ళే మూడో వరస మొత్తం నింపేశారు. వాళ్ళకు పెద్ద దిక్కు చెప్పులు కుట్టే సెప్టిమస్ గడ్. మంచి మాటకారి, చేతులతో.

చివర్లో ప్రియుడి ఓడ వెళ్ళిపోతుంది. అక్క రాళ్ళ మీద నిలబడి ఉంటుంది, గాలికి జుట్టు ముఖాన పడుతుంటుంది. కళ్ళనిండా నీళ్ళు. తెర మీద అక్షరాలు పడ్డాయి: ‘సముద్రం ఇంకిపోయినా సరే, నీకోసం ఎదురుచూస్తాను.’ ఆ మాటకు హాలంతా ముక్కులు ఎగబీల్చింది. మూడో వరస మాత్రం విరగబడి నవ్వింది. సెప్టిమస్ ముందు కుర్చీని దబదబా బాదేశాడు. ఎందుకంటే ఆ కన్నీళ్ళతోనే అక్క అన్న మాట ఇది: "అమ్మా, నా పుడ్డింగ్ దాచిపెట్టు. మేబెల్‌ని ముట్టుకోనివ్వకు. ఇదిగో, వచ్చేస్తున్నా."

మేబెల్ అంటే నేను.

ఆట అయ్యాక డైరెక్టరు రోలండ్ పైక్ బయట మెట్ల దగ్గర మమ్మల్ని పట్టుకున్నాడు. మనిషి ముఖం ఎర్రబడిపోయి ఉంది.

"కోరా, జనం గుండెలు బద్దలవ్వాల్సిన చోట వీళ్ళకేమొచ్చిందమ్మా? నా సినిమా అంత నవ్వులాటగా ఉందా?"

సెప్టిమస్ పైక్ భుజం తట్టి చేతులు గబగబా ఆడించాడు. ఏమంటున్నాడని పైక్ నా వైపు చూశాడు.

"ఆ పుడ్డింగ్ ఎండుద్రాక్షదా, అల్లందా అని అడుగుతున్నాడండీ" అన్నాను.

"ఏ పుడ్డింగ్?"

అక్క తల వంచుకుని సంగతంతా చెప్పేసింది. పైక్ మెట్ల మీద కూలబడ్డాడు.

"అయితే ఇన్నేళ్ళూ నా సినిమాలన్నిట్లోనూ ఇదేనా నువ్వు చేసింది?"

"అన్నిట్లో కాదు మిస్టర్ పైక్. బందిపోటు సినిమాలో నోరే తెరవలేదు. ఈగలు దూరేవి."

ఆయనకు నవ్వాగలేదు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, మెల్లిగా అన్నాడు. "పోనీలే. ఇక ఆ బాధ లేదు. డిసెంబరులో నీ గొంతు రికార్డు చేసి లండన్ పంపాను చూడు, అక్కడి కంపెనీవాళ్ళకు బాగా నచ్చింది. వెంటనే రమ్మంటున్నారు. మూగ సినిమా పనైపోయింది కోరా. ఇదే ఆఖరుది."

అమ్మ ఆయన పెదవుల వైపే చూస్తోంది. నేను చెప్పాల్సిన పనిలేకపోయింది.

ఆ వారమంతా ఇంటికి ఎవరొచ్చినా అక్క గొంతు గురించే. లండన్‌వాళ్ళే మెచ్చారంటే మాటలా అని పక్కింటావిడ, పాలవాడు, పాదిరీ గారు అందరూ ఒకటే పొగడ్త. ఒక సాయంత్రం అమ్మ వంటింట్లో నన్ను ఆపింది.

"దాని గొంతు నిజంగా అంత బాగుంటుందా?"

"ఉంటుంది."

"ఎలా ఉంటుంది?"

పుట్టి బుద్ధెరిగాక అమ్మ నన్ను అలాంటిది అడగలేదు. "వేడి టీ తాగినట్టుంటుంది" అన్నాను.

"పంచదార వేశారా?"

"కాస్త ఎక్కువే వేశారు."

అమ్మ నవ్వి బంగాళాదుంపలు చెక్కడంలో పడింది. ఉన్నట్టుండి కత్తి కింద పెట్టింది. చేతులు ఖాళీ అయితేగాని మాట్లాడలేదు కదా. "పాలవాడికి కూడా తెలుసు నా కూతురి గొంతు. నాకే తెలియదు" అంది. మళ్ళీ కత్తి తీసుకుంది.

అక్క వెళ్ళాలని ఉందని చెప్పదు, లేదనీ చెప్పదు. అమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "నువ్వు వద్దంటే మానేస్తానమ్మా. ఒక్క మాట చెప్పు" అని అడిగింది. అమ్మ కళ్ళు మూసేసుకుంది. మా ఇంట్లో వాదన ముగించే పద్ధతి అదే. అమ్మ కళ్ళు మూసుకుందంటే ఇక నువ్వెంత చెప్పుకున్నా గోడకు చెప్పుకున్నట్టే. అక్క కాసేపు చూసి, లేచి పెట్టె సర్దుకుంది. నాకు ఇద్దరి మీదా ఒళ్ళు మండింది. అక్క వెళ్ళాలా వద్దా అని నన్నడిగినవాళ్ళు లేరు.

ఫిబ్రవరి ఆఖర్లో ఓడ బయల్దేరింది. రేవులో మామూలే, ఓడ మీద ఉన్నవాళ్ళు రంగు కాగితం చుట్టల్ని కిందికి విసురుతారు. ఒక కొస వాళ్ళ చేతిలో, ఒక కొస ఒడ్డున ఉన్న మనవాళ్ళ చేతిలో. ఓడ కదిలి కాగితం తెగేదాకా పట్టుకుని నిలబడాలి. అక్క విసిరిన పసుపు కాగితాన్ని అమ్మ అందుకుని వెంటనే నా చేతిలో పెట్టేసింది. తనకు రెండు చేతులూ కావాలి.

ఓడ కూత పెట్టింది. ఒడ్డున జనం గొంతులు చించుకుని అరుస్తున్నారు, పైనున్నవాళ్ళు చెవికి చెయ్యి అడ్డం పెట్టి ‘ఏమిటీ? ఏమిటీ?’ అంటున్నారు. ఎవరి మాటా ఎవరికీ అందడం లేదు. ఆ గోలలో అమ్మా అక్కా మాత్రం ఇంట్లో బల్ల దగ్గర కూర్చున్నంత తాపీగా మాట్లాడుకుంటున్నారు.

"నిచ్చెన ఇంకా తీయలేదమ్మా. వద్దని ఒక్క మాట అను, దిగొచ్చేస్తా" అంది అక్క, పైనుంచి.

"టోపీ పెట్టుకో. ఎండ మండిపోతోంది" అంది అమ్మ.

"అమ్మా!"

"నడి సముద్రంలో చలి వేస్తుందట. ఊలు కోటు అడుగున పెట్టకు, పైన పెట్టుకో."

నిచ్చెన తీసేశారు. నా చేతిలో కాగితం బిగిసి, సాగి, చటుక్కున తెగింది. జనం ఇళ్ళదారి పట్టారు. మేం మాత్రం చాలాసేపు అక్కడే ఉన్నాం. ఓడ రేవు మలుపు తిరిగేదాకా వాళ్ళ మాటలు అవలేదు మరి. నేను తెగిన కాగితం పట్టుకుని పక్కన నిలబడ్డాను.

తర్వాత ఉత్తరాలు వచ్చాయి. కొలంబో నుంచి ఒకటి, ఓడ మీంచి ఒకటి. అమ్మ ఒక్కసారి చదివి పక్కన పడేసేది. "దీనికి కనుబొమ్మలేవీ? ఇది ఎవరైనా రాయొచ్చు" అనేది.

ఆ ఉత్తరాలింకా రాకముందే, మార్చి మొదట్లో ఒక శనివారం మధ్యాహ్నం నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి అమ్మ టోపీ పెట్టుకుని, సంచీ చేత్తో పట్టుకుని తయారుగా ఉంది. ‘పగడాల రేవు’ పక్కపేట రోజెల్‌కు వచ్చిందని సెప్టిమస్ చెప్పాడట. చెప్పులు చుట్టి ఇవ్వడానికి అతని కొట్టుకు అన్ని పేటల పత్రికలూ వస్తాయి, వాటిలో సినిమా ప్రకటనలు ఒక్కటీ వదలడు.

"చూసిందేగా అమ్మా."

"నువ్వు జామ్ ఒక్కసారే తిన్నావా?"

వెళ్ళాం. అమ్మ మిగతా సినిమా అంతా కుర్చీలో వెనక్కి వాలి చూసింది. రాళ్ళ సన్నివేశం రాగానే ముందుకు వంగింది. అక్క పుడ్డింగ్ దాచమంది, నన్ను ముట్టుకోనివ్వద్దంది, వచ్చేస్తున్నానంది. అమ్మ ఎప్పటిలాగే తలూపింది. ఇంటికొస్తూ దారంతా హుషారుగా ఉంది.

ఆ ఆకురాలు కాలమంతా, అంటే మాకు మార్చి నుంచి మే దాకా, అంతే. ఆ సినిమా ప్రింటు ఉన్నది ఒక్కటే, అది ఒక్కో పేట దాటి పోతుంటే దాని వెనకాలే మేమూనూ. సినిమా ముందుకు వెళ్ళిన కొద్దీ వెనక హాళ్ళు ఒక్కటొక్కటే తలుపులు మూసి, లోపల తీగలు లాగి, మాట్లాడే సినిమాలకు తయారవుతున్నాయి. నా చేతులు సీమదానిమ్మ పళ్ళ జిగురుతో అలాగే ఉండేవి, కడుక్కునే వ్యవధి కూడా అమ్మ ఇచ్చేది కాదు. విసుగ్గా ఉండేది. అయినా వెళ్ళేదాన్ని. టికెట్లిచ్చే కిటికీ దగ్గర అమ్మ మాట ఎవరికీ అర్థం కాదు కదా.

లైకార్ట్ హాల్లో మొదటి దెబ్బ తగిలింది. ఫిల్ము ఎక్కడైనా చిరిగితే ఆపరేటర్లు ఆ ముక్క కత్తిరించి పారేసి అటూ ఇటూ అతికిస్తారు. ఏ హాల్లో చిరిగిందో ఏమో, అక్క "అమ్మా, నా..." అని ఒక్క గెంతు గెంతి "దాచిపెట్టు" అంది. జుట్టు ఒక పక్క ఎగురుతున్నది కాస్తా చటుక్కున రెండో పక్కకు వచ్చింది. ఇంకెవరూ గమనించనే లేదు.

"పుడ్డింగ్ తినేశారు" అంది అమ్మ నాతో, చేతులతో. నవ్వుతూనే అంది గాని, ఆ పూట సినిమా అయ్యేదాకా మళ్ళీ కుర్చీలో వెనక్కి వాలలేదు.

పరమట్టాలో నా పేరు ఎగిరిపోయింది. నేనే పట్టించుకోలేదు, అమ్మ మాత్రం కుర్చీ చేతిని గట్టిగా చరిచింది. నా పేరు పోయినందుకే అనుకుని కాస్త పొంగాను. కాదు. ఆ పక్క మాట కూడా సగం పోయిందట. పెన్‌రిత్ వెళ్ళేసరికి అక్క మొత్తం మాటల్లో మిగిలింది ‘వచ్చేస్తున్నా’ ఒక్కటే. నోరు తెరుస్తుంది, ఆ మాట అంటుంది, వెంటనే సముద్రం.

"ఆ ఒక్కటి చాలు. అసలు మాట అదే" అంది అమ్మ. రైల్లో మళ్ళీ అంది. ఇంట్లో అన్నాలప్పుడు మళ్ళీ అంది. అక్క రావడం రాకపోవడం ఆ ఫిల్ము ముక్క మీదే ఆధారపడి ఉన్నట్టుగా ఉండేది అమ్మ ధోరణి. లండన్ చేరగానే కొట్టిన టెలిగ్రాములో అక్క అక్కడి కంపెనీతో కొన్నేళ్ళకు సంతకం పెట్టానని చెప్పింది. ఆ సంగతి నేను ఎత్తలేదు, అమ్మా ఎత్తలేదు.

మే నెలలో సెప్టిమస్ వచ్చి, కొండల అవతల బొగ్గు గనుల ఊరు లిథ్‌గోలో ఆడుతోందని చెప్పాడు. ఆ తర్వాత ఇంకెక్కడా లేదట. "ఆ పైన మూగ హాలు నాకు కనపడలేదమ్మా హెస్టర్" అన్నాడు అమ్మతో. ఎప్పుడూ గాల్లో గంతులేసే అతని చేతులు ఆ రోజు నెమ్మదిగా కదిలాయి.

కొండల మీద చలి ఎముకలు కొరికేస్తోంది. హాలంటే రేకుల షెడ్డు, గుడ్డ కుర్చీలు. గని పనివాళ్ళు పెళ్ళాం బిడ్డలతో వచ్చి వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నారు. పియానో వాయించే ఆవిడకు జలుబు. అక్కడ మిషను ఒక్కటే కావడంతో రీలు మారుస్తున్నంతసేపూ దీపాలు వెలిగించేవారు. అమ్మ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

ఓడ కదిలింది. అక్క రాళ్ళ మీదికి వచ్చింది. ముఖం మీద జుట్టు తోసుకుంది. అమ్మ ముందుకు వంగింది. అక్క నోరు తెరిచింది.

తెర ఒక్కసారిగా తెల్లబడిపోయింది.

జనం ఈలలు వేశారు, నేలను కాళ్ళతో దబదబలాడించారు. ఆ అదురు పాదాలకు తగిలి అమ్మ ఉలిక్కిపడింది. "ఒక్క నిమిషం ఓపిక పట్టండయ్యా!" అని వెనకనుంచి ఆపరేటర్ అరిచాడు. అమ్మ ఆ తెల్లటి తెర మీంచి కళ్ళు తిప్పలేదు. మళ్ళీ బొమ్మ పడింది. సముద్రం, దూరంగా ఓడ, పొగ. అక్క లేదు. ఆ రీలు అక్కడితో అయిపోయి దీపాలు వెలిగాయి.

"పోయిందా?" అంది అమ్మ.

"పోయిందమ్మా."

"ఏమంది? చెప్పు."

అమ్మకు తెలియక కాదు. అయినా అడిగింది గనక చెప్పాను. అక్కలాగే కనుబొమ్మ ఎగరేసి, అక్కలాగే జుట్టు తోసుకుని, పుడ్డింగ్ దగ్గర్నుంచి మొదలుపెట్టాను. నాకు అక్కను అనుకరించడం బాగా వచ్చు. ఇన్నేళ్ళూ నేను చేసిన పని అదే, వాళ్ళ మాటలూ వీళ్ళ మాటలూ అమ్మకు చేరవేయడం. సగంలో ఉండగానే అమ్మ నా రెండు చేతులూ పట్టుకుని ఆపేసింది.

కాసేపటికి వదిలింది. "అది కాదు" అంది. "అక్క చెప్పేది నాకు తెలుసులే. నువ్వు చెప్పు."

"నేనేం చెప్పనమ్మా?"

"ఏదైనా."

రైలు టైము చెబుదామనుకున్నాను. టోపీ పెట్టుకో, చలి అందామనుకున్నాను. చేతులు లేచాయి గాని వాటి ఇష్టప్రకారం ఇంకొకటి అన్నాయి.

"నాక్కూడా అక్క మీద బెంగగా ఉందమ్మా."

అమ్మ అర్థం కానట్టు చూసింది. "నీకా?"

"నాకే. దాని పక్క ఖాళీగా ఉంటే నిద్రపట్టడం లేదు. పుడ్డింగ్ చేసినప్పుడల్లా దాని వంతు తీసి దాస్తున్నాను. మర్నాటికి పాడైపోయి పారబోస్తున్నాను. నువ్వు చూడలేదు."

ముందు వరసలో ఎవరో వెనక్కి తిరిగి మా చేతుల వైపు వింతగా చూసి మళ్ళీ తిరిగిపోయారు. నాకు ఏడుపొచ్చేసింది. నాకు ఏడవడం సరిగ్గా రాదు, ముఖమంతా వంకర్లు పోతుంది. అక్క అయితే ఎంత అందంగా ఏడ్చేదో దేశమంతా చూసింది. నేను తల దించుకోబోయాను. అమ్మ నా గడ్డం కింద చెయ్యి పెట్టి పైకెత్తింది.

"మళ్ళీ చెప్పు" అంది.

చెప్పాను.

రీలు ఎక్కించడం అయింది. దీపాలు ఆరిపోయాయి. తెర మీదికి అక్క వచ్చింది, తీరంలో ఒంటరిగా నడుస్తోంది, పియానో ఆవిడ తుమ్మి మళ్ళీ వాయించడం మొదలుపెట్టింది. అమ్మ అటు చూడలేదు. తెర వెలుగు నా ముఖం మీద పడేలా నన్ను కుర్చీతో సహా తన వైపు తిప్పుకుని, సినిమా అయిపోయేదాకా నన్నే చూస్తూ కూర్చుంది.